పాల బండికి టర్బో

ఫిబ్రవరి 3

రెండోసారి లేటు. ఆరూ నలభై ఒకటి. డిపో గేటు దగ్గర ఇన్‌ఛార్జి చేతి గడియారం చూశాడు, నన్ను చూశాడు, పుస్తకంలో రాసుకున్నాడు. ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది, తిరిగి నాలుగు అనడానికి వీలుండేది.

మూడోసారి లేటయితే రూటు పోతుంది. ఈ రూలు ఈ కొత్త ఇన్‌ఛార్జి తెచ్చిందే. కింద డెయిరీలో అయిదున్నరకి బయల్దేరాలి, పద్నాలుగు మలుపులు ఎక్కాలి, ఆరున్నరలోపు కొండమీద డిపో యార్డులో ఉండాలి. ఈ రూటు మా నాన్న ఇరవై రెండేళ్లు నడిపాడు, నేను పంతొమ్మిదేళ్లు. అప్పట్లో ఎనభై ట్రేల పాలు, ఇప్పుడు నూట ఇరవై. బండి మాత్రం అదే. తొమ్మిదో మలుపు దగ్గర సెకండ్ గేరులో కూడా మూలుగుతుంది. వెనకాల ఇంకో డ్రైవరు, బొద్దుమీసం అంటాం, కొత్త బండిలో హారన్ కొడుతూనే ఉంటాడు. వాడికి నా రూటు కావాలి. ఆ సంగతి వాడు దాచుకోడు కూడా.

ఈ డైరీ డెయిరీ వాళ్లు పంచిపెట్టిందే. టైములు రాసుకుందామని సీటు కింద పెట్టుకున్నాను. ఎవరితోనో చెప్పుకుని ఏడ్చే అలవాటు నాకు లేదు. ఇందులో ఏడిస్తే ఎవడూ చూడడు.

ఫిబ్రవరి 4

ఆరూ ఇరవై తొమ్మిది. చచ్చీ చెడీ.

"మీ తమ్ముణ్ణి ఒక్కసారి అడిగితే ఏం పోయింది?" అని మా ఆవిడ. వాడు డెయిరీ వర్క్‌షాపులో మెకానిక్. ఇంజన్ మీద చెయ్యి ఆనించి లోపల ఏ బోల్టు వదులయిందో చెప్పేస్తాడని అందరూ వాణ్ణి నెత్తిన పెట్టుకుంటారు. చెప్తాడు, నిజమే. నిరుడు నా బండి మీద చెయ్యి ఆనించి కూడా చెప్పాడు. "అన్నయ్యా, దీన్నింక వదిలెయ్. దీనికి ఓపిక లేదు" అన్నాడు. నలుగురి ముందు. అప్పట్నించీ వాడితో అవసరానికి మించి మాట్లాడలేదు. వాణ్ణి నేనెందుకు అడగాలి?

ఫిబ్రవరి 6

అడగలేదు. వాడే వచ్చాడు. మా ఆవిడ ఫోన్ చేసి ఉంటుంది, చేయలేదని ఒట్టేస్తోంది.

చిన్నోడు (నలభై రెండేళ్లొచ్చినా నాకు చిన్నోడే) బండి చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తి, చాలాసేపు లోపలికి చూశాడు. నేను వరండాలో నిలబడే ఉన్నాను. పిలిస్తే వెళ్దామని. పిలవలేదు. చివరికి నేనే వెళ్లాను.

"ఇంజన్‌కి దమ్ము చాలట్లేదు అన్నయ్యా. టర్బో వేద్దాం."

"ఈ ముసల్దానికా?"

"పొగగొట్టంలోంచి పోయే వేడిగాలి ఊరికే పోతోంది కదా. దాంతో ఒక చక్రం తిరుగుతుంది. ఆ చక్రం ఇటువైపు ఇంజన్లోకి గాలి తోస్తుంది. మామూలుగా పీల్చుకునేదానికంటే ఎక్కువ. పాత సామాన్ల షెడ్డులో ఒకటుంది, నేను చూసి పెట్టాను. కొంచెమే తోయిద్దాం. ఎక్కువ తోస్తే ఈ ఇంజన్ తట్టుకోదు."

చూసి పెట్టాడట! అంటే ముందునించీ నా బండి గురించి ఆలోచిస్తూనే ఉన్నాడన్నమాట. "చూద్దాంలే" అన్నాను, వాడికేదో ఉపకారం చేస్తున్నవాడిలాగా.

ఫిబ్రవరి 9, ఆదివారం

పాత సైలెన్సర్ పైపు విప్పేసరికే మధ్యాహ్నమయింది. తుప్పు పట్టిన బోల్టులు మూడు విరిగాయి. చిన్నోడు విసుక్కోడు, అదేం గుణమో. నేనైతే రెంచి విసిరేసేవాణ్ణి. ఒకసారి విసిరాను కూడా.

ఫిబ్రవరి 16, ఆదివారం

టర్బో కూర్చోబెట్టడానికి మందపాటి ఇనుపరేకు కోసి, చిల్లులు వేసి, ఆకురాయితో అరగదీశాడు. నేను లైటు పట్టుకున్నాను. యాభై నాలుగేళ్లొచ్చి తమ్ముడికి లైటు పట్టుకోవడం. చిన్నప్పుడు నాన్నకి వాడు పట్టేవాడు, నేను స్టీరింగ్ దగ్గర కూర్చునేవాణ్ణి. "నీకు బండి పైన, వీడికి బండి కింద" అనేవాడు నాన్న. ఆ మాటకి నేను ఎంత మురిసిపోయేవాణ్ణో. వాడి మొహం ఎలా ఉండేదో గుర్తుచేసుకుందామంటే రావట్లేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఆయిల్ పైపులు. ఇంజన్ నుంచి టర్బో బేరింగుకి ఆయిల్ తీసుకెళ్లే సన్నపైపు ఒకటి, అక్కణ్ణించి కిందకి దింపే లావుపైపు ఒకటి. పై పైపు మార్చి మార్చి మూడుసార్లు వేశాడు. "ఇది ఇంకొంచెం లావుంటే బాగుండేదేమో" అని తనలో తాను గొణుక్కుని, మళ్లీ "కాదులే, సరిపోతుంది" అన్నాడు. పనివాళ్లందరూ ఇలా గొణుక్కుంటారు.

మార్చి 2, ఆదివారం

స్టార్ట్ చేశాం. సన్నగా ఈల. మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి "అమ్మో, కుక్కర్ అనుకున్నాను" అంది. ముగ్గురం నవ్వాం. ఎన్నాళ్లయిందో.

తర్వాత చిన్నోడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బళ్లో పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"పైకి చేరాక ఇంజన్ వెంటనే ఆపకు. మూడు నిమిషాలు ఊరికే తిరగనివ్వు. కొండెక్కి వచ్చేసరికి టర్బో లోపల చక్రం ఎర్రగా కాలి ఉంటుంది. ఇంజన్ తిరుగుతుంటేనే దానికి ఆయిల్ అందుతుంది. ఠక్కున ఆపేశావనుకో, లోపలున్న ఆయిల్ అక్కడికక్కడే మాడి బొగ్గయిపోతుంది. నీ సంగతి నాకు తెలుసు. చివరి మలుపులో తాళం తిప్పేసి దొర్లించుకుంటూ వెళ్తావు. అది మానెయ్యాలి."

"మానేస్తాలేరా."

"నామీద ఒట్టు?"

"ఒట్టేంట్రా, పిల్లాడిలాగా" అన్నాను.

మార్చి 3

ఇన్‌ఛార్జి పేచీ. డెయిరీ పాలు మోసే బండికి ఏ మార్పు చేసినా వర్క్‌షాపు మెకానిక్ పూచీ సంతకం ఉండాలట. అన్న బండికి తమ్ముడు సంతకం పెట్టడమేమిటని అక్కడ ఒకడు నవ్వాడు. చిన్నోడు పట్టించుకోలేదు. కాగితం చదివి, కింద సంతకం పెట్టి, తేదీ వేశాడు.

మార్చి 4

ఆరూ పదిహేడు!!

తొమ్మిదో మలుపు థర్డ్ గేరులో. థర్డ్! నేను కేబిన్లో ఒక్కణ్ణే "హోయ్" అని అరిచాను. బొద్దుమీసం వెనకెక్కడో ఉండిపోయాడు. యార్డులో ఆపి, మూడు నిమిషాలు గడియారం చూసుకుంటూ కూర్చుని, అప్పుడు ఇంజన్ ఆపాను.

మార్చి 5

ఆరూ పదహారు. మూడు నిమిషాలు.

మార్చి 6

ఆరూ పద్దెనిమిది. మూడు నిమిషాలు. ఎంత పెద్దవో ఈ మూడు నిమిషాలు. కదలకుండా నిలబడి డీజిల్ తాగే బండిలో కూర్చుంటే ఒళ్లు మండిపోతుంది.

మార్చి 8

రెండు నిమిషాలు. రెండున్నర అనుకో.

మార్చి 11

డిపోలో ట్రేలు దించేవాళ్లు నన్ను "పిల్లి" అంటారు. నాన్నని కూడా అదే అనేవారు. పద్నాలుగో మలుపు దాటాక రోడ్డు యార్డు దాకా కొంచెం వాలుగా ఉంటుంది. మలుపులోనే ఇంజన్ ఆపేసి, చప్పుడు లేకుండా దొర్లుకుంటూ వచ్చి, వెనక తలుపు ప్లాట్‌ఫారానికి జానెడు దూరంలో ఆపాలి. ముందుకీ కాదు, వెనక్కీ కాదు. నాన్న నాకు నేర్పిన విద్య అదొక్కటే. బళ్లు కొత్తవి ఎన్నయినా రానీ, ఆ పని చేసేవాడు ఈ రూట్లో నేనొక్కణ్ణే. నేనలా వస్తుంటే దించేవాళ్లు బీడీలు పక్కన పెట్టి చూస్తారు.

ఇవాళ వాళ్లలో ఒకడు అన్నాడు కదా, "ఏం అన్నా, పిల్లి కాస్తా గాడిదయిందే! ఊరంతా లేపుతున్నావు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక చస్తానా. ఇంజన్ దడదడలాడుతూనే ఉంది, ఇంకా రెండు నిమిషాలుంది, నేను ఎగ్జిబిషన్‌లో బొమ్మలాగా అందులో కూర్చునే ఉన్నాను. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మార్చి 12

ఇవాళ బాగా చలిగా ఉంది. చలిలో ఇంజన్ అంత వేడెక్కదు. ఒక్కరోజుకి ఏమీ కాదు.

జానెడు దూరంలో ఆగింది. ఎవడో ఈల వేశాడు.

మార్చి 13

ఆరూ పదిహేను.

మార్చి 17

ఆరూ పదహారు.

మార్చి 22

ఆరూ పద్నాలుగు. దీన్ని మించింది లేదు. ఇన్‌ఛార్జి "బండి మార్చావా ఏంటయ్యా?" అన్నాడు. లేదు సార్, అదే బండి అన్నాను. మా ఇద్దరి చేతుల్లో అదే బండి.

మార్చి 30, ఆదివారం

చిన్నోడు వాళ్లావిడతో వచ్చాడు. వాళ్లు వర్క్‌షాపు వెనక క్వార్టర్లో రెండు గదుల్లో ఉంటారు. మరదలు గుమ్మం పక్కన ఒక మూల తన కుట్టుమిషన్ పెట్టుకుంది, ఆ మూలలో వెలుతురు ఎంత బాగుంటుందో చెప్తుంటే మా ఆవిడ కళ్లార్పకుండా విన్నది. భోజనాలయ్యాక చిన్నోడు బానెట్ ఎత్తబోయాడు. "ఇవాళ కూడా ఏంట్రా, కాస్త కూర్చో" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"మూడు నిమిషాలూ ఆపకుండా ఉంచుతున్నావుగా?"

"ఎన్నిసార్లు అడుగుతావురా? ఉంచుతున్నాను."

"ఆయిల్ తగ్గట్లేదుగా?"

"లేదు."

అర లీటరు తగ్గింది. ముసలి బండి, కాస్త తాగుతుంది. దానికే వాడు కంగారుపడి మొత్తం విప్పదీస్తాడు, రెండ్రోజులు బండి షెడ్డులో ఉంటుంది, రూటు బొద్దుమీసం పట్టుకుపోతాడు. మళ్లీ మొదటికొస్తుంది.

ఏప్రిల్ 7

ఆరూ ఇరవై. ఆయిల్ పోశాను.

ఏప్రిల్ 12

ఆరూ ఇరవై ఒకటి. ఆయిల్ పోశాను. పొగ నీలంగా వస్తోందని బొద్దుమీసం అద్దం దించి మరీ చెప్పాడు. కుళ్లుమోతు వెధవ.

ఏప్రిల్ 18

ఈల మారింది. సన్నగా ఉండేది, ఇప్పుడు కొంచెం గరగరలాడుతోంది. కొత్తలో ఉన్నట్టు ఏదీ ఉండదు కదా. మా ఆవిడ గొంతు కూడా కొత్తలో సన్నగానే ఉండేది. ఈ మాట పైకి అనలేదు.

ఏప్రిల్ 21

ఇవాళ మూడు నిమిషాలు ఆగాను. ఐదు నిమిషాలు ఆగాను. దించేవాళ్లు ఏమన్నా సరే, రేపట్నించీ రోజూ ఆగుతాను.

ఏప్రిల్ 22

ఆరూ ఇరవై ఆరు. టైము దగ్గరపడింది, తొందరలో తాళం తిప్పేశాను. చెయ్యి దానంతటదే వెళ్తుంది. పంతొమ్మిదేళ్ల చెయ్యి.

ఏప్రిల్ 29

అయిపోయింది.

పదకొండో మలుపు. ఈల కాస్తా అరుపయింది. పెడల్ మీంచి కాలు తీసేశాను, అయినా ఇంజన్ పెరుగుతూనే ఉంది. తాళం తిప్పాను, ఆగలేదు. డీజిల్ ఆపే పుల్ల లాగాను, పుల్ల చేతిలోకి వచ్చింది కానీ ఇంజన్ ఆగలేదు. బేరింగ్ పోయి ఆయిల్ మొత్తం గాలిపైపులోకి కారుతోంది, ఇంజన్ ఆ ఆయిల్ని తాగుతూ తిరుగుతోంది, దానికింక డీజిల్‌తో పని లేదు, నాతోనూ పని లేదు. వెనకంతా తెల్లటి పొగ. టాప్ గేరు వేసి బ్రేకు తొక్కి క్లచ్ వదిలేశాను. క్లచ్ కాలిన కంపు. ఆ తర్వాత పెద్ద చప్పుడు, కాళ్ల కింద ఏదో వచ్చి తగిలినట్టు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

బండి వెనక్కి జారడం మొదలైంది. హ్యాండ్‌బ్రేకు పట్టుకోలేదు. అద్దంలో చూస్తే పొగలోంచి ఎవడో పెద్దరాయి ఎత్తుకుని పరిగెత్తుకొస్తున్నాడు. బొద్దుమీసం. వెనక చక్రం కింద ఒకటి వేశాడు, ఇంకొకటి తెచ్చాడు. నన్ను రెక్క పట్టుకుని కిందకి దింపింది కూడా వాడే.

వెనక తలుపు ఊడి ట్రేలు రోడ్డు మీద పడ్డాయి. పాలు కాలవలో పోతున్నాయి. మిగిలిన ట్రేలు బొద్దుమీసం తన బండిలోకి ఎక్కించుకున్నాడు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. కనీసం "చెప్పానా" అని కూడా అనలేదు. ఇంజన్ పక్కన పగిలి, అరచెయ్యి పట్టేంత కన్నం పడింది. అందులోంచి విరిగిన రాడ్డు బయటికి కనిపిస్తోంది.

నలభై ఒక్క ఏళ్ల బండి. రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. రాస్తున్నాను కదా, ఎవడూ చూడడు.

మే 1

వర్క్‌షాపులో పంచాయితీ. ఇన్‌ఛార్జి, చిన్నోడు, నేను. చిన్నోడు టర్బో విప్పి బల్ల మీద పెట్టాడు. చక్రాన్ని వేలితో తోశాడు, తిరగలేదు. లోపలి కడ్డీ బయటికి తీశాడు. నీలంగా కాలి, దానిమీద ఆయిల్ నల్లగా పొరలు పొరలుగా మాడి అంటుకుపోయి ఉంది. అడుగంటిన గిన్నెలాగా. దాన్ని గోటితో గీకాడు, గుడ్డతో తుడిచాడు, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఇన్‌ఛార్జి అన్నాడు, "నేను పైకి రాయాలి. డ్రైవరు సరిగా నడపలేదా, ఫిట్టింగు సరిగా లేదా? రెండింట్లో ఒకటే. డ్రైవరు తప్పయితే ఈ డెయిరీలో ఇంకే బండీ ఇవ్వం."

చిన్నోడు నా వైపు చూశాడు. నేను గోడకి వేలాడుతున్న ఇసుక బకెట్ వైపు చూశాను. ఎర్ర రంగు. పిడి ఒకవైపు ఊడి ఉంది.

"ఆయిల్ పైపు సన్నదయింది సార్" అన్నాడు చిన్నోడు. "బేరింగుకి ఆయిల్ చాల్లేదు. వేసింది నేను. తప్పు నాదే."

మే 2

వాడే ఒప్పుకున్నాడు. నేను వాడి మీద ఒక్క మాట చెప్పలేదు. అది గుర్తుంచుకోవాలి.

పైపు సంగతి ఆ రోజు వాడే గొణుక్కున్నాడు కూడా, లావుంటే బాగుండేదని. నేను విన్నాను.

మే 4, ఆదివారం

చిన్నోణ్ణి తీసేశారు. పూచీ సంతకం పెట్టాడు కాబట్టి. క్వార్టరు ఈ నెల పద్దెనిమిదికల్లా ఖాళీ చేయాలి.

మా ఆవిడ నాకు అన్నం వడ్డిస్తూ, "ఆ చేతుల మీదుగా ఎన్ని వందల బళ్లు నడుస్తున్నాయి! మన బండి దగ్గరే పైపు తప్పేశాడా?" అంది. నన్ను అడిగినట్టు లేదు, అన్నాన్ని అడిగినట్టుంది. నేను తలెత్తలేదు. మజ్జిగ పోసి లోపలికి వెళ్లిపోయింది.

మే 7

ఇన్‌ఛార్జి పిలిపించాడు. డెయిరీ సొంత బండి ఒకటి కొత్తగా వచ్చింది. నా రూటుకే. "నీ తప్పు లేదని తేలింది కదా. ఈ మలుపులు నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? జీతానికి నడుపుతావా?" అన్నాడు. బొద్దుమీసాన్ని కాదని నన్ను పిలిచాడు. ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టాలన్నాడు.

కాగితంలో ఉన్నది ఇది: టర్బో వేసిన రోజు నుంచీ మెకానిక్ చెప్పిన ప్రకారమే నడిపాను, యార్డుకి చేరాక ప్రతిరోజూ మూడు నిమిషాలు ఇంజన్ నడవనిచ్చి తర్వాతే ఆపాను, చెడిపోవడానికి నా వైపు నుంచి ఏ కారణమూ లేదు.

రెండుసార్లు చదివాను. అద్దాలు తెచ్చుకోలేదు, మూడోసారి ఇన్‌ఛార్జి చదివి వినిపించాడు. సంతకం పెట్టాను. పెట్టకపోతే చిన్నోడి ఉద్యోగం తిరిగొస్తుందా? నాది కూడా పోతుంది. ఇద్దరం వీధిన పడితే ఎవరికి లాభం? ఎటు చూసినా ఇదే సబబు.

మే 8

ఎటు చూసినా ఇదే సబబు.

మే 11, ఆదివారం

ఈ డైరీ వెనక్కి తిప్పి మొదట్నించీ చదివాను. రోజూ ఆగాననే ఇన్నాళ్లూ అనుకుంటున్నాను, నిజంగానే అనుకుంటున్నాను, ఏదో ఒకటీ రెండు రోజులు తప్ప. నా రాత నేనే చదువుకుంటే మూడు నిమిషాలూ ఆగింది అయిదంటే అయిదు రోజులు. అందులో ఒకటి బండి చచ్చిపోయే ముందు. మార్చి పన్నెండు తర్వాత ఆ ఒక్కరోజు తప్ప ఆ మాటే రాయలేదు. రాయకపోతే జరగనట్టని ఎవరు చెప్పారు నాకు?

పైపు కాదు. నేనే. నేనే తగలేశాను. బండినీ, వాణ్ణీ. దించేవాడెవడో గాడిద అన్నాడని.

రేపు వెళ్లి చిన్నోడితో చెప్పేస్తాను. ఇన్‌ఛార్జితో చెప్పే ధైర్యం లేదు, ఆ సంగతి ఇక్కడే ఒప్పుకుంటున్నాను. వాడితో అయినా చెప్తాను.

మే 12

వెళ్లాను. క్వార్టరు బయట మరదలు బట్టలు ఆరేస్తోంది. "రండి బావగారూ" అంది, ఎప్పటిలాగే. వాడు ఇంట్లో లేడట. కాసేపు నిలబడి వచ్చేశాను. వాడు ఇంట్లో ఉన్నాడు. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. మరదలు అబద్ధం చెప్పిందా, నేను లోపలికి వెళ్లకుండా తప్పించుకున్నానా అంటే, రెండూ.

మే 14

కొత్త బండి. ఆరూ నాలుగు.

మే 17

చిన్నోడు వచ్చాడు. రేపు పొద్దున్నే సామాను తీసుకుని వెళ్లిపోతున్నారు, మరదలి పుట్టింటి ఊరికి. మా ఆవిడ కన్నీళ్లు పెట్టుకుంది. వాడు "ఊరుకో వదినా, ఎక్కడికో పోతున్నామా" అన్నాడు. తర్వాత నన్ను షెడ్డులోకి రమ్మన్నాడు. బండి ఉన్నచోట ఆయిల్ మరక తప్ప ఏమీ లేదు. నిన్ననే తుక్కువాళ్లు లాక్కెళ్లారు.

"అన్నయ్యా, ఒక్క మాట అడుగుతాను. వదినకి చెప్పను, మా ఆవిడకి చెప్పను. సారుకి ఎలాగూ చెప్పను. పైకి చేరాక ఆపేసేవాడివా?"

నేను కాలితో ఆ మరక మీదికి కాస్త మట్టి తోశాను.

"ఆ కడ్డీ చూస్తే రెండు రకాలుగానూ అనిపిస్తోంది. నువ్వు ఆపినా అలాగే మాడుతుంది, పైపు సన్నదయినా అలాగే మాడుతుంది. ఆ రోజు నువ్వు బకెట్ వైపు చూస్తుంటే నీ పనే అనుకున్నాను. అందుకే నామీద వేసుకున్నాను. నా అన్న, నా ఇష్టం. కానీ తర్వాత ఆ పైపే కళ్ల ముందు తిరుగుతోంది. లావుది వేద్దామని ఆ రోజు అనుకున్నాను నేను. అనుకుని కూడా వేయలేదు. నిజంగా పైపేనేమో."

తన చేతులు చూస్తూ మాట్లాడుతున్నాడు, నన్ను కాదు.

"నాకు కోపం లేదు అన్నయ్యా. నువ్వు ఆపేవాడినని చెప్పు చాలు, ఆ ఊళ్లో ఏదో ఒక షెడ్డులో ఎల్లుండే పనిలో చేరతాను. కాకపోతే మాత్రం నేనింక రెంచి పట్టుకోకూడదు. నేను బిగించే బ్రేకుల మీద జనం కూర్చుంటారు. పదిహేనేళ్లుగా చెయ్యి ఆనించి చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెయ్యి ఆనిస్తే ఏమీ వినపడట్లేదు. భయమేస్తోంది."

వాడు నన్ను ఏమీ అడగలేదు. ఒక్క మాట అడిగాడు. బయట ఎవరూ లేరు, మా ఆవిడ లోపల గిన్నెలు కడుగుతోంది, కుళాయి చప్పుడు వినపడుతోంది. అవున్రా, రోజూ ఆపేశాను, పిల్లి అనిపించుకోడానికి, నువ్వు వేసిన పైపు బంగారంలాంటి పైపు. ఇంతే. నోటి చివర ఉంది.

"లేదురా" అన్నాను. "ఒక్కరోజు కూడా ఆపలేదు."

నా నోరు పడిపోను. ఎందుకన్నానో ఇప్పుడు ఎంత వెతికినా కారణం దొరకట్లేదు. సంతకం పెట్టిన కాగితానికి భయపడ్డానా? వాడు ఎవరికీ చెప్పడు, నాకు తెలుసు. చిన్నోడి ముందు చిన్నవాణ్ణయిపోతానని, అంతేనేమో. అంతే.

చిన్నోడు తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు చాలాసేపు.

"సరే. అయితే నాదే" అన్నాడు.

వాళ్ల మామగారికి బట్టల కొట్టుందట. అక్కడ కూర్చుంటాడట. "కొలవడం, చింపడం. అదేం కష్టం" అని నవ్వాడు. వెళ్తూ వెళ్తూ తెచ్చిన ఇనుపపెట్టె షెడ్డు మూల పెట్టేశాడు. రెంచీలు, స్పానర్లు, వాడు స్వయంగా సానపట్టుకున్న ఉలులు, అన్నీ గుడ్డలో చుట్టి ఉన్నాయి. నేను చూస్తూనే ఉన్నాను.

మే 18, ఆదివారం

వాళ్లు వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు, నడుం నొప్పి అని చెప్పాను.

మే 20

ఆరూ అయిదు.

షెడ్డు ఊడుస్తూ మా ఆవిడ పెట్టె చూసింది. "ఇదేంటి, మరిది సామానంతా ఇక్కడుందేం?" అని అడిగింది.

మర్చిపోయి వెళ్లాడని చెప్పాను.